కార్బ్యురేటర్ మీద నేరం మోపే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బ్యురేటర్ గురించే. అందుకని బ్రేకుల ప్రశ్నలు, రంగుల ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ పేజీలన్నీ దానికే ఇచ్చేశాను. రాసినవాళ్లలో చాలామంది ముందు స్క్రూ తిప్పేసి, ఆ తర్వాత నాకు రాశారు. బండి మొరాయించగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని కార్బ్యురేటర్ మీద పడటం మనకు అలవాటైపోయింది. పైకి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, తిప్పడానికి రెండు స్క్రూలున్నాయి. అదే దాని ఖర్మ. కార్బ్యురేటర్ జబ్బుల్లో చాలావరకు కరెంటు జబ్బులేనని పాత మెకానిక్కులు నవ్వుతూ అంటారు. నవ్వులాటకే అన్నా అందులో నిజం చాలా ఉంది.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా తాతగారి మోరిస్ మైనర్ 1000 ఇప్పుడు నా చేతికొచ్చింది. ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్2 మోడల్ కార్బ్యురేటర్. స్లో స్పీడ్‌లో ఇంజన్ ఊగిపోతూ ఆగిపోతుంది, సైలెన్సర్ నుంచి నల్లపొగ, పికప్ లేదు. ముగ్గురు మెకానిక్కులు ట్యూనింగ్ చేశారు. చేసిన ప్రతిసారీ రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. కార్బ్యురేటర్ మార్చేయమంటున్నారు. మార్చేయనా?

జవాబు: మార్చకండి. మీ ఉత్తరంలో అసలు విషయమంతా "రెండు రోజులు బాగుంటుంది" అన్న మాటలోనే ఉంది. మిక్స్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) సరిచేసే నట్టు దానంతటది తిరగదు, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు ఉంది. అంటే ఇంకేదో కదులుతోంది, మీ మెకానిక్కులు ఆ కదిలేదాన్ని వదిలేసి కదలనిదాన్ని తిప్పుతున్నారు.

ముందు టాపెట్లు (ఇంజన్ వాల్వులను తెరిచే భాగాలు) చూడండి. ఈ ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు 0.012 అంగుళం, అంటే 0.30 మి.మీ. సందు ఉండాలి. తర్వాత ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు చూడండి. సందు 0.015 అంగుళం దగ్గర ఉండాలి. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. పాయింట్లకు ఒక చిన్న ఫైబర్ మడమ ఉంటుంది, అది డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. అక్కడ అగ్గిపుల్ల తలంత గ్రీజు పెట్టకపోతే ఆ మడమ గబగబా అరిగిపోతుంది. మడమ అరిగితే సందు మూసుకుపోతుంది, సందు మూసుకుపోతే టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) వెనక్కి పోతుంది. సందు సరిచేసిన రోజు బండి పరుగెడుతుంది, కాస్త తిరగగానే నీరసిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపి చూడండి. స్పష్టంగా ఆడుతుంటే షాఫ్టు తిరిగే బుష్ అరిగిందని అర్థం. అప్పుడు ఎన్నిసార్లు సెట్ చేసినా సందు నిలవదు.

ఇవన్నీ సరిగా ఉన్నాకే కార్బ్యురేటర్ దగ్గరికి రండి. నల్లపొగ అంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. ఎస్‌యూలో చోక్ మిగతా వాటిలాగా గాలికి అడ్డంగా మూత వేయదు. కేబుల్ లాగితే జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని గొట్టం) కిందికి దిగుతుంది, దాంతో అందులోకి దిగి ఉండే నీడిల్ (సూది) చుట్టూ సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. కేబుల్ వదిలాక జెట్ పూర్తిగా పైకి వెళ్లకపోతే బండి రోజంతా సగం చోక్‌తోనే నడుస్తున్నట్టు. చోక్ బటన్ లోపలికి నొక్కేసి, బానెట్ ఎత్తి, జెట్ అడుగు భాగాన్ని వేలితో పైకి నొక్కండి. కొంచెమైనా పైకి కదిలితే దొంగ దొరికినట్టే. జెట్ కాడను కిందికి దించి, గుడ్డతో తుడిచి, ఒక చుక్క పల్చటి నూనె రాసి, రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించండి. కేబుల్‌కు కూడా కాస్త వదులు ఉంచండి.

తర్వాత పైన గంట ఆకారంలో ఉన్న డ్యాష్‌పాట్. ఎయిర్ ఫిల్టర్ తీసి, లోపలి పిస్టన్‌ను వేలితో పైదాకా ఎత్తి వదలండి. అడ్డు లేకుండా దిగి, అడుగున "టక్" మని మెత్తగా చప్పుడు కావాలి. దిగకుండా మధ్యలో పట్టేస్తే డ్యాష్‌పాట్ విప్పి, లోపలి గోడనూ పిస్టన్‌నూ పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో శుభ్రం చేయండి. విప్పేముందు ఏ వైపు ఎలా ఉందో గీత పెట్టుకోండి, మళ్లీ అలాగే కూర్చోవాలి. ఎమరీ కాగితం మాత్రం వద్దు. ఆ పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉన్న సన్నని సందు మీదే ఈ కార్బ్యురేటర్ పనంతా నడుస్తుంది. జెట్‌ను కిందికి దించినప్పుడే "టక్" వినబడి, పైకి తెచ్చాక వినబడకపోతే నీడిల్ జెట్ అంచుకు రాసుకుంటోంది, జెట్‌ను మధ్యకు తెచ్చి బిగించాలి.

పికప్ సంగతి. ఎస్‌యూకు యాక్సిలరేటర్ పంప్ (తొక్కిన క్షణంలో అదనంగా పెట్రోల్ చిమ్మేది) ఉండదు. ఆ పని డ్యాష్‌పాట్‌లోని నూనె చేస్తుంది. యాక్సిలరేటర్ గబుక్కున తొక్కినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా నూనె ఆపుతుంది, ఆ క్షణంలో గాలి వేగం పెరిగి పెట్రోల్ ఎక్కువ లాగుతుంది. నూనె లేకపోతే తొక్కగానే బండి దగ్గుతుంది. పైనున్న మూత విప్పి డ్యాంపర్‌ను మళ్లీ కిందికి దించండి. మూత మరలు కూర్చోవడానికి 6 మి.మీ. ముందే చేతికి అడ్డు తగలాలి. తగలకపోతే ఇంజన్ ఆయిలే కొంచెం పోయండి.

చివరికి మిక్స్చర్. అడుగున నట్టుకు ఆరు పలకలుంటాయి. జెట్‌ను పైకి తెచ్చి, లోపల పిస్టన్ దిగి ఆనే వంతెనకు సమంగా చేసి, అక్కడినుంచి 12 పలకలు, అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి దింపండి. అది మొదలుపెట్టే చోటు మాత్రమే. ఇంజన్ బాగా వేడెక్కాక పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను 1 మి.మీ. కన్నా తక్కువే పైకి ఎత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ. వెంటనే పడిపోయి ఆగబోతే తక్కువ. ఒక్క క్షణం కొంచెం పెరిగి మామూలుకొస్తే సరిపోయినట్టు. ఒక్కో పలక చొప్పున తిప్పుతూ, మధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ చూడండి.

ఇంత చేశాక కూడా స్లో స్పీడ్ నిలవకపోతే థ్రాటిల్ షాఫ్టును (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే పలకను తిప్పే కడ్డీని) పైకీ కిందికీ ఊపండి. ఆడితే అక్కడి నుంచి గాలి పీలుస్తోంది. ఇంజన్ నడుస్తుండగా షాఫ్టు చివర్ల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేస్తే శబ్దం ఒక్క క్షణం మారుతుంది, దాంతో సందేహం తీరిపోతుంది. దీనికి మాత్రం కొత్త షాఫ్టు, బుష్‌లు వేయించాల్సిందే.

ప్రశ్న: జెట్‌లో చెత్త ఇరుక్కుంది. సన్నని తీగతో పొడిచి తీయొచ్చా?

జవాబు: వద్దు. జెట్ ఇత్తడి, మీ తీగ ఇనుము. జెట్ మీద రాసి ఉండే అంకె రంధ్రం కొలత. చాలా కంపెనీల జెట్లలో 120 అంటే 1.20 మి.మీ. అందులో గీత పడితే ఆ అంకెకు అర్థం పోతుంది, మిక్స్చర్ ఎక్కడ చెడిందో తర్వాత ఎవరికీ అంతుపట్టదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. మరీ మొండిదైతే ప్లాస్టిక్ బ్రష్ పోగు ఒకటి వాడండి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నా దగ్గర 1950ల నాటి సెలూన్ కారుంది. రాత్రి నిలిపి ఉదయం షెడ్డు తలుపు తీస్తే గుప్పున పెట్రోల్ వాసన. కార్బ్యురేటర్ బయటంతా తడి. పాత పంపు పాడైతే ఈమధ్యే ఎలక్ట్రిక్ పంపు వేయించాను, ఇది అప్పటినుంచే మొదలైంది. నీడిల్ వాల్వ్ కొత్తది వేసినా తగ్గలేదు.

జవాబు: ముందు జాగ్రత్త మాట. ఇది తగ్గేదాకా ఆ బండిని ఇంటికి ఆనుకున్న షెడ్డులో పెట్టొద్దు, నిలిపినప్పుడు బ్యాటరీ తీగ తీసేయండి. చాలా కార్లలో కార్బ్యురేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీదే ఉంటుంది. కారే పెట్రోల్ ఎక్కడ పడుతుందో ఒకసారి ఊహించుకోండి. మంటలార్పే సిలిండర్ పని చేసేటప్పుడు చేతికి అందేంత దూరంలో ఉండాలి.

మీరే రాశారు, పంపు మార్చినప్పటినుంచి అని. నీడిల్ వాల్వ్ అనేది చిన్న తలుపు. పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ బలంతో పెట్రోల్ దారి మూస్తుంది. ఆ బలం చాలా తక్కువ. ఎస్‌యూ లాంటి పాత కార్బ్యురేటర్లకు 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 3 పౌండ్లు) లోపు ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ కార్ల పంపులు 40 పీఎస్‌ఐ పైన కొడతాయి. అది పొరపాటున వేసి ఉంటే ఏ వాల్వూ ఆగదు. కార్బ్యురేటర్ కోసమని అమ్మే పంపుల్లో కూడా 5, 6 పీఎస్‌ఐ ఇచ్చేవి ఉన్నాయి. గొట్టం మధ్యలో ‘T’ ఆకారపు జాయింటు పెట్టి గేజ్‌తో కొలవండి. ఎక్కువుంటే రెగ్యులేటర్ పెట్టండి, లేదా సరైన పంపు వేయండి. కొలవకుండా వాల్వుల మీద వాల్వులు మారిస్తే లాభం లేదు.

ఒత్తిడి సరిగ్గానే ఉంటే ఫ్లోట్ చూడాలి. ఇత్తడి ఫ్లోట్‌ను తీసి చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల చుక్కల చప్పుడు వస్తే చిల్లి పడిందన్నమాట. చిల్లి ఎక్కడుందో తెలియాలంటే బాగా వేడిగా ఉన్న నీళ్లలో ముంచి పట్టుకోండి. లోపలి పెట్రోల్ ఆవిరై బుడగల వరుస బయటికొస్తుంది, అది ఎక్కడినుంచి వస్తుందో అక్కడ గుర్తు పెట్టుకోండి. లోపలి పెట్రోల్ పూర్తిగా పోయాకే సోల్డర్ పెట్టాలి. అది కూడా పల్చగా, ఎందుకంటే సోల్డర్ బరువుకు ఫ్లోట్ మునిగి మళ్లీ లెవెల్ తప్పుతుంది. కొత్త ఫ్లోట్ దొరికితే ఆ తిప్పలు అక్కర్లేదు.

ఇంకొకటి మరిచిపోవద్దు. ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ లెవెల్ పెరిగినట్టున్నా ఓవర్‌ఫ్లో అయిన పెట్రోల్ సిలిండర్ల గుండా అడుగుకు చేరింది. ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయకండి. పల్చబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

ప్రశ్న: సార్, మా బండి ఇంటినుంచి బయల్దేరినప్పుడు బంగారం. ఇరవై నిమిషాలు పోగానే ముక్కి ముక్కి ఆగిపోతుంది. పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. కార్బ్యురేటర్ మూడుసార్లు విప్పి కడిగాం. టెన్షన్‌తో దూరం వెళ్లడమే మానేశాం.

జవాబు: నాలుగోసారి విప్పొద్దు. ఆగిపోయిన ఆ రెండు నిమిషాల్లోనే సాక్ష్యం ఉంటుంది. మీరు పావుగంట ఆగేసరికి అదంతా చెరిగిపోతోంది.

ఈసారి ఆగగానే ముందు పెట్రోల్ ట్యాంక్ మూత తీయండి. "సుయ్" మని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చి, బండి వెంటనే స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ బయటికి పోయేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు ఇక లాగలేదు. కాసేపాగితే గాలి మెల్లగా చేరి సరిపోతుంది. రంధ్రం శుభ్రం చేస్తే పని అయిపోయింది.

మూత తీసినా ఫలితం లేకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ మూత విప్పి చూడండి. పెట్రోల్ నిండుగా ఉంటే కార్బ్యురేటర్ జోలికి వెళ్లకండి, కరెంటు వైపు తిరగండి. వేడెక్కాక నిప్పురవ్వ పుట్టించే కాయిల్ గానీ దానికి తోడుండే కండెన్సర్ గానీ చచ్చిపోయి, చల్లారాక బతకడం పాత బండ్లలో చాలా మామూలు. ఆగిన వెంటనే ఒక ప్లగ్గు తీసి బ్లాకుకు ఆనించి పెట్టి సెల్ఫ్ కొట్టించండి, ప్లగ్గు రంధ్రానికి కాస్త దూరంగా. నిప్పురవ్వ నీలంగా, గట్టిగా ఉందా, పసుపుగా నీరసంగా ఉందా, అసలు లేదా అన్నది కళ్లకే తెలుస్తుంది. తడిసిన చాంబర్ దగ్గర ఈ పరీక్ష చేయకండి. ముందు దాని మూత బిగించి, చుట్టూ తుడిచాకే చేయండి.

చాంబర్ ఖాళీగా ఉంటే పెట్రోల్ రావట్లేదు. పాత ట్యాంకుల్లో తుప్పు పొరలు లేచి లోపలి జల్లెడకు అంటుకుంటాయి. ఇంజన్ లాగుతున్నంతసేపూ అవి జల్లెడను పట్టుకుని దారి మూస్తాయి, ఆపగానే కిందికి జారిపోతాయి. అచ్చం మీ లక్షణాలే. ట్యాంక్ దించి శుభ్రం చేయించుకోవాల్సి వస్తుంది.

చల్లటి తేమ వాతావరణంలో మాత్రమే ఇలా జరుగుతుంటే ఇంకో సంగతి. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. బయట 10 డిగ్రీలున్నా థ్రాటిల్ దగ్గర సున్నా కిందికి పోవచ్చు. గాలిలో తేమ అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆగగానే బానెట్ ఎత్తితే కార్బ్యురేటర్ ఒంటి మీద తెల్లటి మంచు పొర కనిపిస్తుంది. పది నిమిషాల్లో ఇంజన్ వేడికి కరిగిపోయి సాక్ష్యం మాయం. వేడిగాలి గొట్టం ఉన్న బండి అయితే అది తగిలించి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: నమస్తే అండీ. నాది 1972 వోక్స్‌వ్యాగన్ బీటిల్. సోలెక్స్ 34 పిక్ట్-3. యాక్సిలరేటర్ మీద కాలుంటే చక్కగా పోతుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర రెండు కాళ్లతో మూడు పెడళ్లు తొక్కుతున్నానండీ.

జవాబు: అమ్మా, మీ కాళ్లకు విశ్రాంతి ఇద్దాం. మీ కార్బ్యురేటర్‌కు పక్కన ఒక చిన్న సోలెనాయిడ్ ఉంటుంది, ఒక్క తీగతో. తాళం తిప్పితే అది స్లో స్పీడ్ పెట్రోల్ దారి తెరుస్తుంది, తీస్తే మూస్తుంది. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఆ తీగ పీకి మళ్లీ తగిలించండి. "టక్" అనాలి. అనకపోతే తీగలో కరెంటుందో లేదో చూడండి. కరెంటున్నా మూగగా ఉంటే సోలెనాయిడ్ పోయింది. "టక్" అంటున్నా ఇంజన్ నిలవకపోతే ఐడిల్ (స్లో స్పీడ్) జెట్‌లో చెత్త ఉండొచ్చు. అది బొత్తిగా సన్నది, ధూళి రేణువు చాలు.

మరో మాట. ఈ కార్బ్యురేటర్‌లో స్లో స్పీడ్‌ను థ్రాటిల్ లివర్ దగ్గరి స్క్రూతో పెంచకూడదు. పక్కనున్న రెండు స్క్రూలలో పెద్దది బైపాస్ స్క్రూ, వేగం దానితో. చిన్నది మిక్స్చర్. వేగం నిమిషానికి 850 చుట్ల దగ్గర ఉంచండి. మీకంటే ముందు బండి ఉన్నవాళ్లు థ్రాటిల్ స్క్రూ తిప్పి ఉంటారన్నది నా అనుమానం, నూటికి తొంభై బండ్లలో అలాగే చూస్తుంటాను. థ్రాటిల్ పలక కొంచెం తెరుచుకుని ఉంటే టైమింగ్‌ను జరిపే వ్యాక్యూమ్ రంధ్రం ముందే బయటపడి టైమింగ్ కూడా చెడుతుంది. ముందు దాన్ని యథాస్థానానికి తెచ్చాకే మిగతావి తిప్పండి.

ప్రశ్న: ఎండలో తిరిగి వచ్చి పది నిమిషాలు ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. చల్లారాక ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. వేపర్ లాక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: వేపర్ లాక్ అనే మాట అన్నిటికీ వాడేస్తున్నారు. రెండు వేర్వేరు సంగతులున్నాయి. పంపులోనో గొట్టంలోనో పెట్రోల్ ఆవిరై, పంపు ఆవిరినే తోస్తూ కూర్చుంటే అది వేపర్ లాక్. ఇంజన్‌కు పెట్రోల్ అందదు, ప్లగ్గు పొడిగా ఉంటుంది. ఇక ఇంజన్ ఆపాక ఫ్యాన్ ఆగి, వేడంతా పైకెక్కి, ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి, ఇంజన్‌లోకి మిక్స్చర్ వెళ్లే మ్యానిఫోల్డ్‌లోకి చుక్కలుగా కారడం రెండోది. ఇందులో పెట్రోల్ ఎక్కువైంది, ప్లగ్గు తడిగా ఉంటుంది. బండి ఆపిన ఐదు నిమిషాలకు ఎయిర్ ఫిల్టర్ తీసి, టార్చి వేసి గొంతులోకి చూడండి. చుక్కలు పడుతూ కనిపిస్తే మీది రెండోదే. మీరు రాసిన దాన్ని బట్టి నా ఓటు కూడా దీనికే.

ఇలాంటప్పుడు యాక్సిలరేటర్‌ను పంపు కొట్టినట్టు టపటపా తొక్కితే ఉన్న వరద ఇంకా పెరుగుతుంది. పెడల్‌ను మెల్లగా అడుగుదాకా నొక్కి, అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. గాలి లోపలికి పోయి అదనపు పెట్రోల్ బయటికి పోతుంది. శాశ్వతంగా తగ్గాలంటే కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే బేకలైట్ స్పేసర్ (మందపాటి బిళ్ల), ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కూ చాంబర్‌కూ మధ్య రేకు అడ్డం పెట్టించండి. చాలా బండ్లలో ఆ రేకును ఎప్పుడో ఎవరో తీసేసి ఉంటారు, పాత ఫొటోలతో పోల్చి చూడండి.

ప్రశ్న: 1940ల నాటి విల్లీస్ జీప్, కార్టర్ డబ్ల్యూ-ఓ కార్బ్యురేటర్. మెల్లగా తొక్కితే బానే ఉంటుంది, గబుక్కున తొక్కితే ఒక్క క్షణం చచ్చి, కార్బ్యురేటర్ గొంతులోంచి తుమ్మి, తర్వాత అందుకుంటుంది.

జవాబు: ఆ తుమ్ము పెట్రోల్ చాలకపోవడం వల్ల. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం తీసి, గొంతులోకి చూస్తూ థ్రాటిల్ తిప్పండి. తిప్పిన మరుక్షణం సన్నటి పెట్రోల్ ధార చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా కారినా యాక్సిలరేటర్ పంప్ సంగతి చూడాలి. మీ పంపుకు తోలు బిళ్ల ఉంటుంది. బండి నెలల తరబడి నిలబడితే అది ఎండి ముడుచుకుపోతుంది. తీసి పల్చటి నూనెలో ఒక రాత్రి నానబెట్టి, అంచును వేళ్లతో మెల్లగా బయటికి తెరిచి పెట్టండి. చిరిగి ఉంటే కొత్తది. ధార బ్రహ్మాండంగా ఉండి కూడా తుమ్ముతుంటే మళ్లీ నా పాత పాటే: టైమింగ్ చూడండి, డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు తుప్పుపట్టి టైమింగ్ అడ్వాన్స్ కావట్లేదేమో (ముందుకు జరగట్లేదేమో) చూడండి.

ప్రశ్న: ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోసినప్పటినుంచి మా పాత కారు వేడెక్కుతోంది, పికప్ తగ్గింది. గొట్టాలు మెత్తబడ్డాయి. అంతా ఇథనాల్ పాపమేనా?

జవాబు: కొంత అవును, కొంత కాదు. మామూలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో ఒక వంతు పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. 10 శాతం కలిపితే ఆ లెక్క దాదాపు 14.1కి, 20 శాతం కలిపితే దాదాపు 13.5కి దిగుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ దీన్ని చూసుకుంటుంది. మీ కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, పాత లెక్కలోనే పోస్తుంది, మిక్స్చర్ పల్చబడుతుంది. 10 శాతానికి ఎస్‌యూలో ఒక పలకో రెండో కిందికి దింపితే చాలు. జెట్లు మార్చే రకమైతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, దూరం నడిపి, ప్లగ్గు రంగు చూడండి. సున్నంలా తెల్లగా ఉంటే ఇంకా పల్చగా ఉంది.

గొట్టాల సంగతి మాత్రం నిజంగా ఇథనాల్‌దే. పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, లోపలి పొర ఊడి జెట్లలో పడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే రకం, ఆర్9 అని ముద్ర ఉన్నవి, అన్నీ ఒకేసారి మార్చండి. కార్క్ ఫ్లోట్ ఉన్న బండ్లవాళ్లు ఇంకా జాగ్రత్త. దానిమీద పూత పాత రోజుల్లో లక్కతో వేసేవారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పూత పోయిన కార్క్ పెట్రోల్ పీల్చి మునుగుతుంది, ఓవర్‌ఫ్లో మొదలవుతుంది.

కారు వేడెక్కడానికి రేడియేటర్‌లో పేరుకున్న తుప్పు, వెనకబడ్డ టైమింగ్ కూడా కారణాలే. అవి ఇథనాల్ రాకముందు కూడా ఉన్నాయి.

ప్రశ్న: ఎంజీబీ, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4లు. బ్యాలెన్స్ మీటర్ లేకుండా కుదరదా?

జవాబు: కుదురుతుంది. ఒక రబ్బరు గొట్టం చాలు. రెండింటినీ కలిపే కడ్డీ క్లిప్పులు వదులు చేయండి, లేకపోతే ఒకటి తిప్పితే రెండోది కూడా కదులుతుంది. గొట్టం ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర మొదటి కార్బ్యురేటర్ మూతి దగ్గర పెట్టి ఆ బుస విని గుర్తుపెట్టుకోండి. రెండోదానికి సరిగ్గా అదే చోట పెట్టి, రెండు బుసలూ ఒకే శ్రుతిలో వచ్చేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పండి. గాలి సమమయ్యాకే మిక్స్చర్. మిక్స్చర్ అయ్యాక గాలి మరోసారి. క్లిప్పులు బిగించేటప్పుడు రెండూ ఒకే క్షణంలో తెరుచుకునేలా చూడండి. విప్పి కడిగితే ఒకదాని పిస్టన్ ఇంకోదానిలో పెట్టకండి, అవి జతలుగా తయారైనవి.

ప్రశ్న: అసలుది విసిగిస్తోంది. చవకగా కొత్త నకలు కార్బ్యురేటర్ దొరుకుతోంది. కొననా?

జవాబు: అరిగిన అసలుదానికి షాఫ్టు, బుష్‌లు, గాస్కెట్లు వేయించుకోవడమే నయం. నకళ్లలో జెట్ల కొలతలు, రంధ్రాల చోట్లు ఒక్కోదానికి ఒక్కోలా ఉండటం చూశాను. కొత్తదాన్ని సరిచేసుకోవడమే ఇంకో పని అవుతుంది. అసలుది పగిలి ఉంటే, లేదా మ్యానిఫోల్డ్‌కు ఆనే అంచు సరిచేయలేనంత వంగి ఉంటే, అప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: మూడు నెలలు బండి తీయను. పెట్రోల్ ఉంచాలా, తీసేయాలా?

జవాబు: ట్యాంక్ నిండుగా ఉంచండి, ఖాళీ తక్కువుంటే లోపల తేమ పట్టడం తక్కువ. పెట్రోల్ పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్‌దాకా చేరేలా పది నిమిషాలు నడపండి. అప్పుడు పెట్రోల్ దారి మూసి, ఇంజన్ తానంతట ఆగేదాకా నడిపితే చాంబర్ ఖాళీ అవుతుంది. నిలవ పెట్రోల్ ముందు ఆవిరై, మిగిలింది జిగురుగా జెట్లకు అంటుకుంటుంది. తోలు పంపు ఉన్న బండి అయితే మాత్రం చాంబర్ ఖాళీ చేయకండి, తోలు ఎండిపోతుంది. నెలకోసారి స్టార్ట్ చేసి, షెడ్డు బయటే, బాగా వేడెక్కేదాకా నడిపి ఆపండి.